నూట ఎనభై ఆరు అట్టల ఇంగ్లీషు

ఉదయం 6 గంటల 20 నిమిషాలు. మోపెడ్ మీటరులో అంకె 41,362. సోమందేపల్లెలోని మా ఇంటి గడప నుంచి గోరంట్లలోని పరీక్షా కేంద్రం గేటు వరకు దూరం 22 కిలోమీటర్లు. అంతకు ముందు ఆదివారం ఒంటరిగా వెళ్లి కొలిచి వచ్చాను. ఆ రోజు పట్టిన సమయం 48 నిమిషాలు. గేటు తెరిచేది 8:45కి, పరీక్ష మొదలయ్యేది 9:30కి. ఈ లెక్కన గేటు తెరవడానికి 97 నిమిషాల ముందే అక్కడ ఉంటాం. టైరు పంక్చరైతే అని 30 నిమిషాలు, ఎదురుగాలికి 15 నిమిషాలు తీసి పెట్టాను. మిగిలిన 52 నిమిషాలకు నా దగ్గర కారణం లేదు. అవి భయానికి ఇచ్చినవి.

వెనక సీటులో మా అమ్మాయి కూర్చుంది. అప్పటికి పదిహేనేళ్లు. హాల్ టికెట్టును పాలిథిన్ కవరులో పెట్టి, ఆ కవరును పరీక్ష అట్టకు క్లిప్పు చేసి, ఆ అట్టను రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది. దారికి రెండు వైపులా దున్ని విత్తనం పడని వేరుశనగ చేలు. ఆ జులైలో మాకు గాలి తప్ప వాన లేదు. గాలి అడ్డంగా కొట్టినప్పుడల్లా బండి అరచెయ్యి మేర పక్కకు జరిగేది. కాళ్లు పెట్టుకునే ఇనుప కడ్డీ మీద ఆమె కుడి పాదం ఒక లయలో నొక్కుతూ ఉండడం బండి చట్రం ద్వారా నాకు తెలుస్తూనే ఉంది. నాలుగు సెకన్లకు ఒకసారి. సరిగ్గా నాలుగు సెకన్లు. అది తెలిసినప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ లయ నేను నేర్పినది.

నా పని చీరల డిజైన్లను గ్రాఫు మీదికి, గ్రాఫు నుంచి మగ్గం పైన తిరిగే జకార్డు అట్టల మీదికి ఎక్కించడం. చేనేత సాంకేతికంలో మూడేళ్ల డిప్లొమా చదివాను. పట్టుచీర అంచులో నెమలి మెడ ఎక్కడ వంగాలో అట్ట మీది రంధ్రం నిర్ణయిస్తుంది. రంధ్రం ఉంటే దారాన్ని ఎత్తే కొక్కెం లేస్తుంది, లేకపోతే లేవదు. నేసేవారు కాలి కింది చెక్కను ఒకసారి తొక్కితే ఒక అట్ట పని చేస్తుంది. కాలు తీస్తే అట్టలను మోసే దిమ్మె తిరిగి తరువాతి అట్ట ముందుకు వస్తుంది. అట్టలన్నీ దారంతో వరుసగా కుట్టి, చివరిదాన్ని మొదటిదానికి కలిపి ఉంటాయి. ఆ వరుసలో భయానికి చోటు లేదని ఇరవై ఏళ్లుగా నమ్ముతూ వచ్చాను.

పదో తరగతిలో మా అమ్మాయికి మిగిలిన అన్ని సబ్జెక్టుల్లో ఎనభై దాటాయి. ఇంగ్లీషులో 43. హాస్టలుతో సహా ఉచితంగా చదివించే ఒక జూనియర్ కాలేజీ అనంతపురంలో ఉంది. లెక్కల గ్రూపులో అక్కడ సీటు రావాలని ఆమె తొమ్మిదో తరగతి నుంచి అనుకుంటోంది. ప్రవేశ పరీక్షలో నెగ్గింది కూడా. కానీ వాళ్ల నియమం ఒకటి ఉంది: ఏ సబ్జెక్టులోనూ 51కి తగ్గకూడదు. ఆ ఏడు తక్కువ మార్కులు వచ్చినవాళ్లు మళ్లీ రాసి పెంచుకునే అవకాశం ఇచ్చారు. కాలేజీ వాళ్లు ఆ ఫలితం వచ్చేదాకా సీటు ఆపుతామన్నారు. కావలసినవి ఎనిమిది మార్కులు. చేతిలో ఉన్నవి ముప్పై నాలుగు రోజులు.

ఆమెకు ఇంగ్లీషు రాకపోవడం కాదు అసలు సమస్య. ఎనిమిదో తరగతి చివర్లో కరోనాకు మూసిన బడి తొమ్మిది సగమయ్యాక తెరిచారు; ఆ మధ్య ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నా డిజైన్ల పనిలో ఉండేది. వెనకబడింది, నిజమే. కానీ మొదటిసారి పరీక్ష హాలులో జరిగింది వేరు.

"పేపరు తెరిచినంక అచ్చరాలు కనపడినాయి నాయనా, గానీ యావీ నిలబడలే. చేయి చల్లగైపోయింది. పెన్ను జారిపోతాండె."

"ఎంతసేపు?"

"గోడ మీద గడియారం చూసినా. నలభై నిమిషాలు."

ఇంటికి వచ్చాక ఇంగ్లీషు పుస్తకం ఆమె ముందు పెట్టి, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టాను. నిమిషానికి 118. లెక్కల పుస్తకం పెట్టి మళ్లీ చూశాను. 82. పదిహేనేళ్ల వయసులో నేనూ ఇంగ్లీషు తప్పాను, రెండుసార్లు రాశాను. ఆ చల్లదనం నా వేళ్లకు ఇంకా గుర్తుంది. అందుకే ఆమె భయానికి నేను భయపడ్డాను. బయటి మనిషి అయితే ఇంతగా భయపడేవాడు కాదేమో.

మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకటి నా భార్య నేస్తుంది. రెండోది విప్పేశాం, దాని అంచుకు వాడిన చిన్న జకార్డు పెట్టె మూలన పడి ఉంది. దాన్ని దింపి, తుడిచి, నూనె వేసి, మా అమ్మాయి కంటి ఎత్తుకు ఒక చట్రం చేసి బిగించాను. కింద తొక్కే చెక్క పెట్టి తాడు కట్టాను. బడి ఇంగ్లీషు సారు దగ్గరికి వెళ్లి, పరీక్షలో వచ్చే అవకాశమున్న జవాబులు రాయించుకున్నాను: ఉత్తరం, నివేదిక, సంభాషణ, జీవిత పరిచయం వగైరా, మొత్తం పదకొండు. వాటిని వాక్యాలుగా విడగొడితే 186 వచ్చాయి. రంధ్రాలు కొట్టని 186 అట్టల మీద నల్ల ఇంకుతో ఒక్కొక్క వాక్యం రాసి, నంబర్లు వేసి, వరుసగా కుట్టి, దిమ్మె మీద వేలాడదీశాను. ఒకసారి తొక్కితే ఒక వాక్యం. నాలుగు సెకన్లు. కాలు తీస్తే తరువాతిది. మొత్తం వరుస ఒక చుట్టు తిరగడానికి 12 నిమిషాల 24 సెకన్లు.

నా భార్య మగ్గం ఆపి వచ్చి చూసింది.

"ఏందిది?"

"పాప చదువుకునేదానికి."

"మగ్గానికి పడుగు కావల్ల, పేక కావల్ల. దీనికేముండాది? ఒట్టి అట్టలు తిరుగుతాండాయి."

"నీకు తెల్దులే."

"నాకు తెల్దు, సరే. దానికి తెలిస్తే చాలు," అని పోయి మగ్గంలో కూర్చుంది.

అయిదో రోజుకు 31 అట్టలు నోటికి వచ్చాయి. పన్నెండో రోజుకు 96. ఇరవయ్యో రోజుకు మొత్తం. ఇరవై ఏడో రోజున ఆమె కళ్లు మూసుకుని చెక్క తొక్కుతూ నూట ఎనభై ఆరూ ఒక్క తప్పు లేకుండా చెప్పింది. నాడి 84. నేను ఈ అంకెలన్నీ డిజైన్ల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. ఆ రోజు సాయంత్రం మా అమ్మాయి నవ్వింది. "నాయనా, పరీక్ష హాల్లోకి దీన్ని గూడా తీసకపోదామా? బండి మింద పడతాదా?" అంది. తాళ్లతో కడితే పడుతుందని నేను కూడా నవ్వాను.

ఇరవై ఎనిమిదో రోజున సారు వచ్చారు. బడి పక్కనే ఇల్లు, రిటైరు కావడానికి రెండేళ్లున్న మనిషి. చట్రం చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"ఏమప్పా, పిల్లకు ఇంగ్లీషు నేర్పిస్తాండావా, నేత నేర్పిస్తాండావా?"

"ఒక్క తప్పు లేదు సార్. మీరే అడగండి."

"అయిదో జవాబు చెప్పు పాపా. జీవిత పరిచయం."

ఆమె ఆయన వైపు చూసింది. నా వైపు చూసింది. తరువాత వెళ్లి చెక్క మీద కాలు పెట్టి, ఒకటో అట్ట నుంచి మొదలుపెట్టింది. అయిదో జవాబు మొదలయ్యేది 69వ అట్టతో. అక్కడికి చేరడానికి నాలుగున్నర నిమిషాలు పట్టింది. సారు అంతసేపూ చేతులు వెనక కట్టుకుని నిలబడ్డారు. నీళ్ల ట్యాంకరు వచ్చిందని ఆమెను బిందెలతో బయటికి పంపాక నన్ను అడిగారు.

"నడుమ అడిగితే చెప్పలేదా?"

"చెప్తాది సార్. మొదట్నుంచి వస్తే..."

"పరీక్ష పేపరోళ్లకు నీ ఒకటో అట్ట యాడుందో తెలుస్తాదా అప్పా? దీన్ని పదకొండు ముక్కలు చెయ్. యేది అడిగితే అది ఎత్తుకునేట్ల ఉండల్ల."

ఆయన చెప్పింది సరైనదని నాకు ఆ క్షణమే అర్థమైంది. ఇంకా ఆరు రోజులున్నాయి. కుట్లు విప్పి పదకొండు వరుసలుగా మళ్లీ కుట్టడానికి రెండు రోజులు చాలు. కత్తెర తీసుకుని 17వ అట్టకు 18వ అట్టకు మధ్య ఉన్న దారం కింద దాని కొనను పెట్టాను కూడా. అప్పుడు నాకు 84 గుర్తొచ్చింది. 118 నుంచి 84కి దిగడానికి ఇరవై ఏడు రోజులు పట్టింది. దారం తెంచితే అది మళ్లీ ఎక్కడికి పోతుందో చెప్పే లెక్క నా దగ్గర లేదు. నేసే మగ్గం మీద సగంలో అట్టలు విప్పకూడదని చదువుకున్నాను. కత్తెర తీసి పక్కన పెట్టాను. ఆమెకు ఏమీ చెప్పలేదు. రోజుకు ఇంకొన్ని చుట్లు ఎక్కువ తిప్పమని మాత్రం చెప్పాను.

గోరంట్లకు 7:09కి చేరాం. పంక్చరు కాలేదు. గేటు ఎదురుగా ఒక కానుగ చెట్టు, దాని కింద అప్పటికే ఒక పెద్దాయన తన కొడుకుతో కూర్చుని ఉన్నాడు. గోరంట్లలోనే పరుపులు కుట్టే సాయిబు. చొక్కా భుజాల మీద దూది పోగులు. 8:45కి పిల్లలిద్దరూ లోపలికి వెళ్లారు. మా అమ్మాయి గేటు దాటాక ఒకసారి వెనక్కి తిరిగింది. నేను చెయ్యి ఊపబోయి, ఆమె పెదవులు కదులుతుండడం చూసి ఆగిపోయాను. వరుస మధ్యలో ఉందేమో, చెడిపోతుందేమోనని.

"యా ఊరన్నా?" అన్నాడాయన.

"సోమందేపల్లె."

"పాప తప్పిందా?"

"తప్పలేదు. నలభై మూడు. యాభై ఒకటి కావల్ల."

ఆయన నా వైపు అనుమానంగా చూశాడు. "నలభై మూడొచ్చినా మళ్లా రాపిస్తాండావా? మావోనికి ఇది మూడో దండయాత్ర. ముప్పై అయిదొస్తే ఈ గేటు కాడనే బిర్యానీ పెడతానని మొక్కినా."

"వస్తాదిలే."

"వాడు రాత్రంతా తలగడ కింద ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని పన్యాడు. నేను చెప్పినా, ఒరే, అది నేను కుట్టిన తలగడరా, దాంట్లోంచి దూది తప్ప ఏమీ పైకి రాదు అని." నవ్వి, మళ్లీ గేటు వైపు చూసి ఆపేశాడు. "నీకు గూడా భయమైతాందా అన్నా?"

"అయితాండాది."

ఆయన తన భుజం మీది దూది పోగొకటి తీసి వేళ్ల మధ్య ఉండ చుట్టసాగాడు.

9:30కి గంట కొట్టారు. పరీక్షా సమయం మూడు గంటల పదిహేను నిమిషాలు. అంటే ఆమె వరుస పదిహేనుసార్లు పూర్తిగా తిరగవచ్చు. ఈ లెక్క నాకు ఊరటనివ్వాలి. కానీ గడియారం చూసిన ప్రతిసారీ, ఇప్పుడు ఆమె ఎన్నో అట్ట మీద ఉందో అని కాక, అసలు దిమ్మె తిరుగుతోందా అని అనిపించేది. 11:05కి లోపల ఎవరో గట్టిగా ఒక మాట అన్నారు. ఏ గదిలోనో, ఎవరినో తెలియదు. నేను లేచి నిలబడ్డాను. సాయిబు నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

12:45కి గంట. 12:52కి ఆమె బయటికి వచ్చింది. పరీక్ష అట్ట గుండెకు ఆనించుకునే ఉంది. ఏడవలేదు.

"ఎట్ల రాసినావు పాపా?"

"కాలు ఆడించొద్దన్నారు నాయనా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. బెంచీ ఇనుముది. కాలు నొక్కినప్పుడల్లా కదిలి శబ్దమైంది. ముందు కూర్చున్న అమ్మాయి రెండుసార్లు వెనక్కి చూసి, చెయ్యెత్తి చెప్పింది. గదిలో ఉన్న మేడం వచ్చి, కోపంగా కూడా కాదు, మామూలుగానే అన్నది: "ఎవరిదమ్మా ఆ కాలు? ఆపు, పక్కోళ్లు రాసుకోవాల." ఆమె ఆపింది.

"ఆపినంక?"

"అట్ట తిరగలే."

పాదాన్ని చెప్పులో వేళ్లతో మాత్రమే నొక్కి చూసింది. రాలేదు. మడమను రెండో కాలికి ఒత్తి చూసింది. రాలేదు. అడిగింది మూడో జవాబు, నివేదిక. అది 36వ అట్టతో మొదలవుతుంది. ముందున్న 35 దాటకుండా అక్కడికి వెళ్లడం ఆమెకు తెలియదు. కాలు లేకుండా దాటడానికి ఆమెకు తోచిన ఉపాయం ఒకటే: ఒకటో వాక్యం నుంచి కాగితం మీద రాసుకుంటూ పోవడం.

"జవాబు పేపరు మిందనేనా?"

"యాడ రాయల్ల మరి?"

"కొట్టెయ్యకపోయినావా?"

"కొట్టేస్తే మర్చిపోతానని భయమేసింది నాయనా."

సాయిబు కొడుకు కూడా వచ్చాడు. ఎలా రాశావని తండ్రి అడిగితే, "తలగడ బాగ పని చేసింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి వీచింది. 43 నిమిషాల్లో ఇల్లు చేరాం. ఇనుప కడ్డీ మీద ఆమె పాదం కదలలేదు. 22 కిలోమీటర్లూ కనిపెట్టి చూస్తూ వచ్చాను.

ఫలితం వచ్చేదాకా ఆ చట్రం మా ఇంట్లో అలాగే ఉంది. దాన్ని విప్పడానికి కూడా నాకు భయంగా ఉండేది. విప్పితే ఫలితం తెలిసిపోయినట్టే అనిపించేది. నా భార్య మగ్గం నేస్తున్నప్పుడు చెక్క తొక్కిన చప్పుడు వినిపిస్తే మా అమ్మాయి లేచి బయటికి వెళ్లిపోయేది. మొదట నేను గమనించలేదు. నా భార్య గమనించింది. "నేను నేస్తాంటే అది ఇంట్లో ఉండటంలే. చూసినావా?" అంది. తరువాత లెక్కపెట్టాను. ఒక్క రోజులో ఏడుసార్లు.

ఫలితం 49.

కాలేజీకి ఫోను చేశాను. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "రెండు మార్కులే కదా సార్ అని నాకూ అనిపిస్తాది. కానీ ఈ లిస్టులో మీ వెనక ఇంకో పాప ఉంది సార్, ఆ పాపకు అన్నీ ఉన్నాయి." సీటు ఆ రోజే పోయింది.

అయినా పేపరు మళ్లీ దిద్ది నకలు పంపమని దరఖాస్తు పెట్టాను. మార్కులు పెరుగుతాయని కాదు. యంత్రం ఎక్కడ ఆగిందో చూడకుండా ఉండలేకపోయాను. ఒక్క మార్కూ మారలేదు. జవాబు పత్రం నకలు వచ్చింది. నేలమీద పరిచి, స్కేలు పెట్టుకుని చూశాను. రెండున్నర పేజీల నిండా ఒకటో అట్ట నుంచి 35వ అట్ట వరకు, తప్పు లేకుండా, చక్కని చేతిరాతతో. వాటి మీద మూల నుంచి మూలకు ఎర్ర గీత. 36 నుంచి నివేదిక. దానికి మార్కులు బాగానే వచ్చాయి. ఆమె రాసే వేగం నాకు తెలుసు. ఆ రెండున్నర పేజీలకు కనీసం ముప్పై నిమిషాలు పట్టి ఉంటుంది. చివర పది మార్కుల సంభాషణ ప్రశ్నకు నంబరు మాత్రం వేసి ఉంది. కింద ఖాళీ.

ఇంకొక చోట ఒక బార్ గ్రాఫు ఇచ్చి, దాన్ని చూసి పేరా రాయమన్నారు. మా వరుసలో అలాంటి అట్ట లేదు. నేను దాన్ని చేర్చలేదు. అక్కడ ఏడు చిన్న వాక్యాలున్నాయి. నేను ఎన్నడూ చూడనివి. ఏ బారు ఎత్తు, ఏది పొట్టి, దేనికన్నా ఏది రెండింతలు. రెండు తప్పులున్నాయి. పదికి ఏడు వేశారు. గ్రాఫు చదవడం ఆమెకు నా పక్కన కూర్చుని చిన్నప్పుడే వచ్చింది. దాన్ని నేను ఒక చదువుగా లెక్కలోకి తీసుకోలేదు.

ఆమె తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"సారు చెప్పినప్పుడే పదకొండు ముక్కలు చేసుంటే బాగుండు," అన్నాను.

"సారు చెప్పినారా?"

ఆమెకు ఆ సంగతి తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. అయిదో జవాబు అడిగాక ఆమెను నీళ్ల ట్యాంకరు వచ్చిందని బిందెలతో బయటికి పంపాం. మిగిలిన మాటలు ఆమె వెనక జరిగాయి. కత్తెర సంగతి కూడా చెప్పాను. దాచడానికి ఇంకేమీ మిగలలేదు.

ఆమె వచ్చి నకలు ముందు కూర్చుంది.

"పదకొండు చేసినా తొక్కాల్సింది కాలితోనే గదా నాయనా," అంది.

మరుసటి వారం పెనుకొండలో ఒక జూనియర్ కాలేజీలో చేర్చాను. లెక్కల గ్రూపే. బస్సులో వెళ్లి వచ్చేది. చట్రం విప్పి, పెట్టెను మళ్లీ మూలన పెట్టాను. అట్టల దారం తెంచడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

ఇప్పటికీ తెలియని నంబరు నుంచి ఫోను వచ్చి, అవతలివాళ్లు ఇంగ్లీషులో మాట్లాడితే, జవాబు చెప్పే ముందు ఆమె కుడి పాదం నేలను ఒకసారి నొక్కుతుంది. ఆ వెంటనే కిందికి చూసి ఆపుతుంది. నేను చూడనట్టు ఉంటాను.

లెక్క ఇది.

ప్రయాణం: కొలతకు ఒకసారి, పరీక్షకు ఒకసారి, మొత్తం 88 కిలోమీటర్లు. రోజులు: 34. అట్టలు: 186, ఇంకు అంటినందువల్ల ఏవీ తిరిగి పనికి రాలేదు. నేను సమయానికి ఇవ్వలేకపోయిన చీర డిజైన్లు: 2. పెరిగిన మార్కులు: 6. కావలసినవి: 8. కొట్టివేసిన పేజీలు: రెండున్నర. రాయని ప్రశ్న: 1. పోయిన సీటు: 1. ఆ నకలు చూసిన రోజు తరువాత మా అమ్మాయి నా ఎదుట ఇంగ్లీషు పుస్తకం తెరిచిన సార్లు: సున్న.